పాత బాధ్యతా బీమా పాలసీల సొమ్ముతో ఊరి చెత్తదిబ్బ కాలుష్యాన్ని శుభ్రం చేయించవచ్చా? ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి?

పురపాలక ఇంజనీరు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలోని ఒక చిన్న టౌన్‌షిప్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా ఊరి చెత్తదిబ్బను 1962లో తెరిచి 1985లో మూసివేశారు. అడుగున పొర గాని, చెత్తలోంచి దిగే ఊటను పట్టి బయటికి తీసే గొట్టాలు గాని అందులో లేవు. ఇళ్ల చెత్తతో పాటు చుట్టుపక్కల వర్క్‌షాపుల ద్రావకాల పీపాలు కూడా అక్కడికే చేరేవని అప్పట్లో పనిచేసిన పెద్దలు చెబుతున్నారు. ఇప్పుడు దిబ్బకు దిగువనున్న బావుల్లో వినైల్ క్లోరైడ్ అనే విషరసాయనం బయటపడింది. దిబ్బపై కప్పు వేసి, భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేయడానికి సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లు అవుతుందని మా కన్సల్టెంట్లు లెక్క కట్టారు. ఆ భారం మొత్తం ఇంటి పన్ను మీద పడితే పింఛనుతో బతికే వృద్ధులు ఊళ్లో ఉండలేరు.

మొన్నటి కౌన్సిల్ సమావేశంలో ఒక న్యాయవాది, 1986కు ముందు ఊరు కట్టిన సాధారణ బాధ్యతా బీమా పాలసీలు (మన వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించేవి) ఈ ఖర్చును భరించవచ్చని చెప్పారు. మా కార్యాలయంలో 1988కి ముందటి పాలసీ ఒక్కటి కూడా లేదు. కాగితమే లేనప్పుడు, ఎప్పుడో గడువు తీరిన పాలసీ మీద డబ్బు అడగడం సాధ్యమేనా? ఈ పని తెలిసినవారు దయచేసి వివరించగలరు.

బీమా పరిశోధకురాలు

ఇంజనీరు గారికి, పాత పాలసీలను వెతికి పట్టుకోవడమే పదహారేళ్లుగా నా వృత్తి. మా రంగంలో దీన్ని బీమా పురావస్తు పరిశోధన అంటారు. మీ న్యాయవాది చెప్పిన మాట నిజమే.

గడువు తీరిన పాలసీ చెల్లదన్న అభిప్రాయం కారు బీమా, ఆరోగ్య బీమా అలవాటు వల్ల కలిగేది. 1986కు ముందు అమెరికాలో సంస్థలకూ పురపాలికలకూ అమ్మిన సమగ్ర సాధారణ బాధ్యతా పాలసీల స్వభావం వేరు. వాటిలో క్లెయిమ్ ఏ సంవత్సరంలో వచ్చిందన్నది కాకుండా, నష్టం ఏ సంవత్సరంలో జరిగిందన్నది లెక్కలోకి వస్తుంది. 1966లో ప్రవేశపెట్టిన ప్రామాణిక పత్రంలో ‘సంఘటన’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే, పరిస్థితులకు నిరంతరంగా లేదా పదేపదే గురికావడం వల్ల కలిగే నష్టం కూడా చేరి ఉంది; పాలసీదారు ఆ నష్టాన్ని ఊహించి గాని, ఉద్దేశించి గాని ఉండకూడదన్నది షరతు. కాబట్టి 1968లో మీ దిబ్బ కింద నీరు పాడైందని రుజువైతే, 1968 నాటి పాలసీ ఈ రోజు కూడా ఆ నష్టానికి బాధ్యత వహించాలి.

ఈ పాలసీలకు ఇంత విలువ రావడానికి కారణం కలుషిత స్థలాల శుద్ధి కోసం 1980 డిసెంబరులో వచ్చిన అమెరికా కేంద్ర చట్టం, సూపర్‌ఫండ్ చట్టం. న్యూయార్క్ రాష్ట్రంలో రసాయన వ్యర్థాలు పూడ్చిన చోట ఇళ్లు వెలసిన లవ్ కెనాల్ ఉదంతం 1978లో దేశాన్ని కుదిపేసిన తరువాత వచ్చిన ఆ చట్టం, తప్పు చేశారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, చట్టం పుట్టక ముందు పారబోసిన చెత్తకు కూడా స్థల యజమానులనూ, నిర్వాహకులనూ, పారబోయించినవారినీ, మోసుకెళ్లినవారినీ ఉమ్మడిగా బాధ్యులను చేసింది. న్యూజెర్సీలో అంతకు ముందే 1976 నాటి స్పిల్ చట్టం ఉంది. బాధ్యత వెనక్కి వెళ్లింది గనుక, దాన్ని మోయవలసిన పాలసీలను కూడా వెనక్కి వెళ్లి వెతకవలసి వస్తోంది. సూపర్‌ఫండ్ జాతీయ ప్రాధాన్య జాబితాలోని స్థలాల్లో దాదాపు ఐదో వంతు పురపాలక చెత్తదిబ్బలే కావడం వల్ల, మీ ప్రశ్న ఎన్నో ఊళ్ల ప్రశ్న.

ఇక వెతకడం గురించి. పాలసీ ప్రతి దొరకకపోయినా, అది ఉండేదని ఇతర ఆధారాలతో నిరూపించడానికి కోర్టులు అనుమతిస్తాయి. శ్రద్ధగా వెతికామని మీరు చూపించగలగాలి. పురపాలికకు ఒక అదృష్టం ఉంది. ప్రైవేటు కంపెనీ మూతపడితే దాని కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయి గాని, కౌన్సిల్ మినిట్స్ పుస్తకాలను పారేయడానికి వీలులేదు. ప్రతి సంవత్సరం బీమా పునరుద్ధరణకు కౌన్సిల్ తీర్మానం చేసి ఉంటుంది. అందులో కంపెనీ పేరు, బ్రోకరు పేరు, ప్రీమియం మొత్తం, ఒక్కోసారి పాలసీ సంఖ్య కూడా ఉంటాయి. తరువాత ఖజానా ఖాతా పుస్తకాలు, వోచర్లు, వార్షిక ఆడిట్ నివేదికలకు జతచేసిన బీమా పట్టికలు చూడండి. వంతెన కట్టేటప్పుడో, రైల్వే స్థలం లీజుకు తీసుకునేటప్పుడో, రాష్ట్ర గ్రాంటు కోసమో మీ ఊరు ఇచ్చిన బీమా సర్టిఫికెట్లు అవతలివారి ఫైళ్లలో భద్రంగా ఉండవచ్చు. దిబ్బ దగ్గర ట్రాక్టరు కింద పడిన కూలీ కేసో, కాలువలో పడిన పిల్లవాడి కేసో 1970ల్లో నడిచి ఉంటే, ఆ కోర్టు దస్త్రంలో బీమా కంపెనీ న్యాయవాది పేరు ఉంటుంది. నేను చూసిన మంచి ఆధారాల్లో చాలా వరకు ఇలాంటి పాత ప్రమాద కేసుల్లోనే దొరికాయి.

కంపెనీ పేరు దొరికాక ఆ పేరుతో ఇప్పుడు ఎవరూ లేరని నిరుత్సాహపడవద్దు. ఏట్నా క్యాజువాల్టీ అనే బీమా కంపెనీ బాధ్యతలు 1996లో ట్రావెలర్స్ కంపెనీకి చేరాయి. లండన్ లాయిడ్స్ బీమా మార్కెట్‌లోని సిండికేట్ల (బీమా బృందాల) 1992, అంతకు ముందటి సంవత్సరాల బాధ్యతలు 1996లో ఈక్విటాస్ అనే ప్రత్యేక సంస్థకు బదిలీ అయ్యాయి. అయితే మిడ్‌లాండ్ 1986లో, మిషన్ 1987లో, హోమ్ 2003లో, ఈ మూడు బీమా కంపెనీలూ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. అటువంటి కంపెనీల పాలసీల నుంచి రాబట్టడం చాలా కష్టం.

క్లెయిమ్స్ బల్ల

నేను ఇరవై ఏళ్లకు పైగా బీమా కంపెనీల తరఫున ఇటువంటి క్లెయిమ్‌లను పరిశీలించి, ఇప్పుడు విరమణ పొందాను. పరిశోధకురాలు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, కానీ అవతలి పక్షం ఏం అడుగుతుందో ముందే తెలిస్తే మీ ఊరికి మేలు.

మొదటి ప్రశ్న కాలుష్య మినహాయింపు గురించి. 1970లో అదనపు పత్రంగానూ, 1973 నుంచి ప్రామాణిక పాలసీలోనే భాగంగానూ ఒక నిబంధన వచ్చింది. దాని ప్రకారం కాలుష్యం వల్ల కలిగే నష్టానికి బీమా వర్తించదు. కాలుష్య పదార్థాల విడుదల ‘ఆకస్మికంగా, ప్రమాదవశాత్తు’ జరిగితే మాత్రం వర్తిస్తుంది. ఇరవై మూడేళ్ల పాటు రోజూ చుక్కలు చుక్కలుగా కారిన ఊట ఆకస్మికం ఎలా అవుతుందని కంపెనీ అడుగుతుంది, ఆ ప్రశ్న అసంబద్ధం కాదు. 1986 నుంచి వచ్చిన సంపూర్ణ మినహాయింపు ఈ కొద్దిపాటి సందును కూడా మూసివేసింది. అందువల్ల 1973కు ముందటి పాలసీలకు ఉన్న బలం తరువాతివాటికి ఉండదు.

రెండోది, పీపాల్లో ఏముందో మీ సిబ్బందికి తెలుసా అన్న ప్రశ్న. భూగర్భజలం పాడవుతోందని రాష్ట్ర తనిఖీ అధికారి 1974లో లేఖ రాసి ఉంటే, ఆ తేదీ తరువాతి నష్టం ఊహించని నష్టం కాదని కంపెనీ వాదిస్తుంది. మూడోది, సొంత ఆస్తి మినహాయింపు: మీ నేలకు కలిగిన నష్టం మీదే, పాలసీ ఇతరుల ఆస్తికి కలిగిన నష్టాన్నే భరిస్తుంది. నాలుగోది, ఆలస్యంగా తెలియజేయడం.

ఈ దావాలు ఎంత ఖర్చుతో కూడినవో కూడా గుర్తుంచుకోవాలి. సూపర్‌ఫండ్ విషయంలో బీమా కంపెనీలు పెట్టిన ఖర్చులో 88 శాతం న్యాయవాదుల ఫీజుల వంటి లావాదేవీల ఖర్చులకే పోయిందని రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 1992 అధ్యయనంలో తేల్చింది. శుభ్రపడవలసిన నేలకు చేరని డబ్బు అది. ఆ రోజుల్లో రెండు వైపులా జరిగిన ఆ వృథాను దగ్గరి నుంచి చూసినవాడిగా, మొదటి ఉత్తరం నుంచే రాజీకి తలుపు తెరిచి ఉంచమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఊటనీరు

నేను భూగర్భజల శాస్త్రవేత్తను. చట్టం సంగతి పెద్దలు చెప్పారు గాని, ‘నష్టం ఏ సంవత్సరంలో జరిగింది’ అన్న ప్రశ్నకు సమాధానం నేల కిందే ఉంటుందని, దాన్ని తేల్చవలసింది మా బోటివాళ్లమని చెప్పదలచుకున్నాను.

దిబ్బకు దిగువన 500 మీటర్ల దూరంలోని బావి వరకు కాలుష్యం చేరిందనుకుందాం. అక్కడి ఇసుక పొరలో నీరు రోజుకు 10 సెంటీమీటర్ల చొప్పున కదులుతుందని పరీక్షల్లో తేలితే, నీరు ఆ దూరం ప్రయాణించడానికి 5000 రోజులు, అంటే సుమారు 13 ఏళ్ల 8 నెలలు పడుతుంది. రసాయనం మట్టి రేణువులకు అంటుకుంటూ నీటికంటే రెండింతలు నెమ్మదిగా నడిస్తే 27 ఏళ్లు దాటుతుంది. ఈ లెక్కను వెనక్కి నడిపితే, ఊట మొదట ఏ ఏటికి నీటిమట్టాన్ని తాకిందో చెప్పవచ్చు. పొర లేని దిబ్బల్లో, వానలు బాగా పడే ప్రాంతంలో, చెత్త తడిసి ఊట దిగడానికి దశాబ్దాలు పట్టదు.

మరొక సంగతి. వినైల్ క్లోరైడ్‌ను మీ దిబ్బలో ఎవరూ నేరుగా పోసి ఉండకపోవచ్చు. లోహపు పనులకూ దుస్తుల డ్రై క్లీనింగుకూ వాడే ట్రైక్లోరోఎథిలిన్, పెర్‌క్లోరోఎథిలిన్ వంటి ద్రావకాలు గాలి అందని చోట సూక్ష్మజీవుల చేతిలో మెట్టుమెట్టుగా విరిగి చివరికి వినైల్ క్లోరైడ్‌గా మారతాయి. తల్లి రసాయనాలకూ పిల్ల రసాయనాలకూ మధ్య నిష్పత్తిని చూస్తే ఆ ద్రావకాలు ఎంతకాలంగా నేలలో ఉన్నాయో స్థూలమైన అంచనా దొరుకుతుంది. వర్క్‌షాపుల రశీదులు దొరికితే రెండు ఆధారాలూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

సొంత ఆస్తి మినహాయింపు గురించి క్లెయిమ్స్ బల్ల గారు అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. నేల మీ టౌన్‌షిప్‌ది కావచ్చు, కానీ దాని కింద ప్రవహించే నీరు టౌన్‌షిప్ సొత్తు కాదని చాలా కోర్టులు అంగీకరించాయి. కాబట్టి కన్సల్టెంట్ల నివేదికలో మట్టిని మాత్రమే శుభ్రం చేసే ఖర్చునూ, భూగర్భజలాన్ని కాపాడడానికి అవసరమైన ఖర్చునూ మొదటి రోజు నుంచే విడివిడిగా రాయించండి. దిబ్బపై వేసే కప్పు రెండో రకం కిందికి వస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే వాననీరు లోపలికి దిగకుండా ఆపి ఊటను తగ్గించడమే దాని పని.

బీమా పరిశోధకురాలు

క్లెయిమ్స్ బల్ల గారు లేవనెత్తిన ‘ఆకస్మిక’ మాటకు న్యూజెర్సీలో ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. ఇంజనీరు గారి ఊరు ఆ రాష్ట్రంలో ఉండడం వల్ల దాన్ని కొంత వివరంగా చెప్పడం అవసరం.

1970లో ఈ మినహాయింపును ప్రవేశపెట్టడానికి బీమా పరిశ్రమ రేటింగ్ సంస్థలు (కంపెనీల తరఫున ప్రామాణిక రేట్లు, పాలసీ పత్రాలు రూపొందించేవి) రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల అనుమతి కోరాయి. ఊహించిన నష్టానికి బీమా ఎలాగూ వర్తించదని, ఈ కొత్త నిబంధన ఆ సంగతినే స్పష్టం చేస్తుందని అవి వివరణ ఇచ్చాయి. రక్షణ తగ్గుతోందని చెప్పలేదు, ప్రీమియం తగ్గించనూ లేదు. తరువాత కోర్టుల్లో అదే నిబంధనను చూపించి నెమ్మదిగా జరిగిన కాలుష్యమంతా మినహాయింపు కిందికి వస్తుందని వాదించారు. 1993లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు మోర్టన్ ఇంటర్నేషనల్ కేసులో, నియంత్రణాధికారులకు ఒక మాట చెప్పి అనుమతి పొందినవారు కోర్టులో మరో మాట చెప్పడానికి వీలులేదని తీర్పు ఇచ్చింది. తెలిసిన కాలుష్య పదార్థాన్ని పాలసీదారు ఉద్దేశపూర్వకంగా విడుదల చేసినప్పుడు మాత్రమే ఆ మినహాయింపు వర్తిస్తుందని ఆ తీర్పు నిర్దేశించింది. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన తీర్పులన్నిటిలో నిజాయితీని ఇంత సూటిగా నిలబెట్టినది మరొకటి లేదు.

ఇతర రాష్ట్రాల్లో దారులు చీలిపోయాయి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నగరపు పికెట్‌విల్ చెత్తదిబ్బ కేసులో జార్జియా సుప్రీంకోర్టు 1989లో ‘ఆకస్మికం’ అంటే ‘ఊహించనిది’ అన్న అర్థం కూడా ఉందని, సందేహం ఉన్నప్పుడు పాలసీదారుకు అనుకూలమైన అర్థమే తీసుకోవాలని చెప్పింది. మిషిగన్ 1991లోనూ, ఫ్లోరిడా 1993లోనూ ఆ మాటకు హఠాత్తుగా జరగడమనే కాలసంబంధమైన అర్థమే ఉందని తేల్చాయి. ఏ రాష్ట్రపు చట్టం వర్తిస్తుందన్నది కొన్నిసార్లు పాలసీలో ఉన్న అక్షరాల కంటే ఎక్కువ విలువ చేస్తుంది.

ఇక పంపకం. నష్టం ఇరవై ఏళ్లపాటు సాగినప్పుడు ఏ ఏటి పాలసీ ఎంత భరించాలి? 1994 నాటి ఓవెన్స్-ఇల్లినాయ్ తీర్పు ప్రకారం న్యూజెర్సీలో ప్రతి సంవత్సరపు పాలసీ పరిమితిని (కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని) బట్టి ఖర్చును పంచుతారు. ఒక ఊహా లెక్కతో చెబుతాను. 1966 నుంచి 1972 వరకు ఏడేళ్లు ఏటా 1 లక్ష డాలర్ల పరిమితి, 1973 నుంచి 1979 వరకు ఏడేళ్లు ఏటా 10 లక్షలు, 1980 నుంచి 1985 వరకు ఆరేళ్లు ఏటా 50 లక్షలు ఉన్నాయనుకోండి. అన్నిటి మొత్తం 3 కోట్ల 77 లక్షలు. మీ 1 కోటి 20 లక్షల ఖర్చులో మొదటి భాగానికి సుమారు 2.2 లక్షలు, రెండో భాగానికి 22.3 లక్షలు, మూడో భాగానికి 95.5 లక్షలు పడతాయి. అదే ఖర్చును సంవత్సరాల సంఖ్యను బట్టి సమానంగా పంచే రాష్ట్రంలో అయితే ఏటికి 6 లక్షలు పడేవి; మొదటి ఏడు పాలసీల పరిమితి ఒక్కో లక్షే కాబట్టి 35 లక్షలు ఊరి నెత్తిన మిగిలేవి.

దీన్నిబట్టి రెండు సంగతులు గమనించాలి. 1960ల నాటి ప్రాథమిక పాలసీలు దొరికితే సంతోషించవలసిందే, కానీ డబ్బు ఎక్కువగా ఉండేది వాటి పరిమితి దాటాక అక్కరకు వచ్చేలా వాటిపైన కట్టిన అంబ్రెల్లా, అదనపు పరిమితి పాలసీల్లో. వాటి ప్రీమియం చిన్న మొత్తం కావడం వల్ల ఖాతా పుస్తకంలో కళ్లు జారిపోతాయి. రెండోది, కాలుష్యానికి బీమా మార్కెట్లో అసలు దొరకని 1986 తరువాతి సంవత్సరాల వాటాను న్యూజెర్సీ కోర్టులు పాలసీదారుపై మోపవు. న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం 2018లో కీస్పాన్ కేసులో దీనికి విరుద్ధంగా చెప్పింది.

మిల్వాకీ తెలుగు

విస్కాన్సిన్ అనుభవం ఇక్కడ చెప్పవలసినది. ఎడ్జర్టన్ అనే చిన్న నగరం తన చెత్తదిబ్బ విషయంలో బీమా కంపెనీలను ఆశ్రయించింది. 1994లో మా రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రభుత్వ సంస్థ పంపిన బాధ్యతా నోటీసు దావా కాదనీ, సూపర్‌ఫండ్ కింద పెట్టే శుద్ధి ఖర్చు పాలసీలో చెప్పిన ‘నష్టపరిహారం’ కాదనీ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వంతో సహకరించి ఖర్చు పెట్టిన ఊరికి బీమా రాదన్నమాట. తొమ్మిదేళ్ల తరువాత, 2003లో జాన్సన్ కంట్రోల్స్ కేసులో అదే కోర్టు ఎడ్జర్టన్ తీర్పును తోసిపుచ్చింది. ఆ తొమ్మిదేళ్లలో మా రాష్ట్రంలోని ఊళ్లు ఆశ వదిలేసి పన్నుల డబ్బుతో పనులు చేసుకున్నాయి, లేదా తక్కువ మొత్తానికి రాజీపడ్డాయి. ఈ రోజు చట్టం అనుకూలంగా లేదని చెప్పి కాగితాలను పారేయకూడదని అందుకే మావాళ్లకు చెబుతుంటాను.

పడమటి తీరం

కాలిఫోర్నియాలో ఇలాంటి పెద్ద వ్యాజ్యాల్లో ఒకటి స్ట్రింగ్‌ఫెలో ఆమ్లగుంటలది. రివర్‌సైడ్ కౌంటీలో 1956 నుంచి 1972 వరకు దాదాపు 13 కోట్ల లీటర్ల పారిశ్రామిక ద్రవ వ్యర్థాలను కొండల నడుమ తవ్విన గుంటల్లో పోశారు. ఆ స్థలాన్ని ఎంపిక చేసి, రూపకల్పన చేసింది రాష్ట్ర ప్రభుత్వమే కావడంతో శుద్ధి భారం చివరికి దానిపైనే పడింది. రాష్ట్రం తన పాత బీమా కంపెనీలను కోర్టుకు లాగితే, 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు, నష్టం సాగిన కాలంలోని ఏ పాలసీ అయినా తన పరిమితి వరకు మొత్తం నష్టాన్ని భరించాలనీ, వేర్వేరు సంవత్సరాల పరిమితులను ఒకదానిపై ఒకటి పేర్చుకోవచ్చనీ చెప్పింది. పరిశోధకురాలు గారి ఊహా లెక్కలోని ఊరు మా రాష్ట్రంలో ఉంటే, 1980ల నాటి మూడు పాలసీలు దొరికినా ఖర్చు తీరిపోయేది. దొరకని సంవత్సరాల వాటా ఎవరిదన్న ప్రశ్నే రాదు. అయితే ఆ మూడింటిలోనూ ‘ఆకస్మిక’ నిబంధన ఉంటుంది, దాని విషయంలో మా కోర్టులు న్యూజెర్సీ అంత ఉదారంగా లేవు.

రాజీపత్రం

నేను ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక ఊరి కౌన్సిల్‌లో సభ్యురాలిని. మేము చేసిన పొరపాటు మరొక ఊరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మా ఊరు 1990ల్లో చెత్తదిబ్బ విషయమై ఒక బీమా కంపెనీతో రాజీపడింది. వచ్చిన డబ్బుతో దిబ్బపై కప్పు వేశారు, అప్పటి కౌన్సిల్‌ను అందరూ అభినందించారు. ఆ రాజీపత్రంలో ఆ కంపెనీ మాకు అమ్మిన పాలసీలన్నిటినీ తిరిగి కొనుక్కుంటున్నట్టు ఒక నిబంధన ఉంది. ఆ ఒక్క దిబ్బకే గాక ఊరిలోని ఏ స్థలానికైనా, ఆ నాటికి తెలిసిన కాలుష్యానికే గాక భవిష్యత్తులో బయటపడబోయే దేనికైనా ఆ కంపెనీ బాధ్యత తీరిపోయిందని మావాళ్లు సంతకం చేశారు. ఇప్పుడు అదే దిబ్బ ఊటలో పీఫాస్ అనే, తేలిగ్గా విరిగిపోని రసాయనాలు కనిపిస్తున్నాయి. వాటిలో పీఫోవా, పీఫోస్ అనే రెండింటిని 2024లో కేంద్ర పర్యావరణ సంస్థ సూపర్‌ఫండ్ కింద ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ రసాయనాలు దిబ్బలోకి చేరింది మా పాలసీలు అమలులో ఉన్న సంవత్సరాల్లోనే, కానీ ఆ పాలసీలు ఇప్పుడు మావి కావు.

కాబట్టి ఇంజనీరు గారు, రాజీ కుదిరే రోజు వస్తే కంపెనీని బాధ్యత నుంచి విడుదల చేసే నిబంధనను ఆ ఒక్క స్థలం వరకు, తెలిసిన కాలుష్యం వరకు పరిమితం చేయమని మీ న్యాయవాదిని పట్టుబట్టి అడగండి. పాలసీలను పూర్తిగా తిరిగి ఇవ్వవలసే వస్తే దానికి తగిన మూల్యం విడిగా లెక్క కట్టించండి. వచ్చిన సొమ్మును ఊరి సాధారణ నిధిలో కలపకుండా శుద్ధికీ, మూసిన తరువాత దశాబ్దాల పాటు సాగే నీటి పరీక్షలకూ ప్రత్యేక ఖాతాలో ఉంచండి. మా ఊరిలో మిగిలిన కొంత డబ్బు రోడ్ల మరమ్మతులకు పోయింది.

పటాన్‌చెరు వాసి

పెద్దల చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. మా ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలతో వాగులు, బావులు పాడై దశాబ్దాలు గడిచాయి. పాత బీమా పాలసీలను ఇలా వెలికితీసే మార్గం భారతదేశంలో కూడా ఉందా?

క్లెయిమ్స్ బల్ల

మీ ఆవేదన అర్థమవుతోంది, కానీ ఈ మార్గం అక్కడికి యథాతథంగా సరిపోదు. భోపాల్ తరువాత వచ్చిన 1991 నాటి ప్రజా బాధ్యతా బీమా చట్టం ప్రమాదకర పదార్థాలను నిర్వహించే సంస్థలకు బీమాను తప్పనిసరి చేసింది. దాని ఉద్దేశం ప్రమాద బాధితులకు వెంటనే ఊరట అందించడం; మరణానికి 1991లో చట్టంలో నిర్ణయించిన ఊరట మొత్తం 25,000 రూపాయలు. భూగర్భజలాన్ని ఏళ్ల తరబడి శుద్ధి చేసే ఖర్చును ఆ మొత్తాల్లో చూడలేము. అక్కడ బలమైన ఆధారం బీమా కాదు. రాజస్థాన్‌లోని బిచ్‌డీ గ్రామ కేసులో 1996లో సుప్రీంకోర్టు స్థిరపరచిన, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం. ఆ కేసులో నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చు కూడా పరిశ్రమలదేనని కోర్టు చెప్పింది.

పురపాలక ఇంజనీరు

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా సాయంత్రం వేళల్లో మా గుమస్తా గారు, నేను నేలమాళిగలోని మినిట్స్ పుస్తకాలను తిరగేస్తున్నాము. 1967 నుంచి 1979 వరకు ఒకటి తప్ప అన్ని సంవత్సరాల పునరుద్ధరణ తీర్మానాలు దొరికాయి. దొరికిన పన్నెండేళ్లలోనూ బ్రోకరు ఒక్కరే. ఆ సంస్థను కొన్నవారు పక్క కౌంటీలో ఇప్పటికీ వ్యాపారం చేస్తున్నారు. 1978లో వంతెన మరమ్మతు కోసం కౌంటీకి ఇచ్చిన బీమా సర్టిఫికెట్ ప్రతి ఒకటి కౌంటీ ఇంజనీరు ఫైలులో ఉంది. దానిపై ప్రాథమిక పాలసీ సంఖ్యతో పాటు 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ సంఖ్య కూడా స్పష్టంగా ఉంది. పసుపు పచ్చబడిన ఆ కార్బన్ కాగితాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అది ఎక్కడ దొరికిందో, ఎవరు తీశారో ఒక పుస్తకంలో తేదీతో రాసి, స్కాన్ చేయించాను.

మీరు భయపడినదే మరొకటి కూడా దొరికింది. 1976లో ఆరోగ్య శాఖ తనిఖీదారు రాసిన ఒక ఉత్తరంలో, దిబ్బ తూర్పు అంచున ఎర్రని ఊట కాలువలోకి కారుతోందని ఉంది. దీన్ని ఏం చేయాలి?

క్లెయిమ్స్ బల్ల

ఆ ఉత్తరాన్ని ముందుగా మీ న్యాయవాదికి చూపించండి. దాచాలని మాత్రం ఎవరూ ఆలోచించకూడదు. అది రాష్ట్ర ఫైలులో కూడా ఉంటుంది, కంపెనీ తప్పక తెప్పిస్తుంది. పైగా అది పూర్తిగా మీకు ప్రతికూలమని నేను అనుకోవడం లేదు. కాలువలోకి కారే ఊటను చూసి ఊరు ఏం చేసిందన్నది ముఖ్యం. మట్టికట్ట వేసి, ఊటను ఆపడానికి ప్రయత్నించి ఉంటే, నష్టాన్ని ఊహించి ఊరుకున్నారని కంపెనీ అనలేదు. ఆ ఏటి పనుల బిల్లులు వెతకండి.

మరొక మాట. రాష్ట్రంతో శుద్ధి ఒప్పందంపై సంతకం చేయకముందే, దొరికిన ప్రతి కంపెనీకీ, ప్రతి సంవత్సరపు పాలసీ కిందా లిఖితపూర్వకంగా తెలియజేయండి. న్యూజెర్సీలో ఆలస్యం వల్ల తనకు నిజంగా హాని జరిగిందని కంపెనీ నిరూపించాలి; అయినా, తన అనుమతి లేకుండా మీరు ఖర్చు ఒప్పుకున్నారన్న వాదనకు చోటివ్వడం ఎందుకు? ప్రాథమిక పాలసీల్లో పాలసీదారు తరఫున వాదించే బాధ్యత కూడా ఉంటుంది, ఆ ఖర్చు సాధారణంగా పరిమితిలోంచి తీయరు. మీ పరిమితి లక్ష డాలర్లే అయినా, న్యాయవాదుల ఖర్చు, కొన్ని సందర్భాల్లో పరిశోధన నివేదికల ఖర్చు దానికి అదనంగా రావచ్చు. చిన్న పాలసీ అని పక్కన పెట్టకండి.

ఊటనీరు

తూర్పు అంచున కాలువ అన్నారు కాబట్టి ఒక సూచన. 1960ల నుంచి తీసిన వైమానిక ఛాయాచిత్రాలు వ్యవసాయ శాఖ, భౌగోళిక సర్వే సంస్థల దగ్గర దొరుకుతాయి. పీపాలు ఏ మూల పేర్చారో, మట్టికట్ట ఏ ఏటికి కనిపిస్తోందో వాటిలో చూడవచ్చు. నాకు పంపితే పొరల పటంతో పోల్చి చూసి పెడతాను.

పురపాలక ఇంజనీరు

ధన్యవాదాలు. ఛాయాచిత్రాలకు ఈ రోజే దరఖాస్తు పెడుతున్నాను. 1976, 1977 సంవత్సరాల రోడ్డు విభాగపు వోచర్లలో మట్టి తోలించిన బిల్లులు మూడు కనిపించాయి, కానీ స్థలం పేరు రాయలేదు. అప్పటి లారీ నడిపిన పెద్దాయన ఇంకా ఊళ్లోనే ఉన్నారని గుమస్తా గారు చెప్పారు, గురువారం ఆయన ఇంటికి వెళ్తున్నాము. నోటీసు ముసాయిదా సోమవారం కౌన్సిల్ ముందుకు వస్తుంది. 1971 తీర్మానం ఇంకా దొరకలేదు. ఆ ఏడు వరద వచ్చినప్పుడు కొన్ని పుస్తకాలను గ్రంథాలయం అటక మీదికి చేర్చారట, రేపు అక్కడ వెతుకుతాము.